దూకడానికి తొందరేమీ లేదు

కుక్కపిల్లకు అడ్డంకుల ఆట నేర్పదలచినవారు కర్ర నిలబెట్టే ముందు దాని ఎముకలను గురించి తెలుసుకోవాలి

2022 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం. రాయపూర్‌లో చలి సడలి, ఎండ ఇంకా ముదరని రోజులవి. మా ఇంటి ముందు సిమెంటు చప్టా మీద మా అమ్మాయి రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎడంగా వేసి, వాటి చేతుల మీద ఒక వెదురుకర్ర ఆనించి చిటిక వేసింది. మా లాబ్రడార్ పిల్ల మోతీ పరుగెత్తుకుంటూ వచ్చి కర్ర మీదుగా దూకింది. దానికప్పుడు ఏడు నెలలు. కర్ర ఎత్తు రెండడుగుల పైమాటే. మేమంతా చప్పట్లు కొట్టాము. అది మళ్లీ దూకింది. మళ్లీ చప్పట్లు. ఎన్నిసార్లు దూకిందో లెక్కపెట్టినవారు లేరు. చివరిసారి నున్నని సిమెంటు మీద దాని ముందుకాళ్లు జారాయి. 'కుయ్'మన్న ఒక్క అరుపు వినిపించింది. ఆపైన కుడి ముందుకాలు నేలకు ఆనించకుండా, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చి అది నా పాదాల దగ్గర పడుకున్నది.

ఆ కర్ర అక్కడికి రావడానికి కారకుణ్ణి నేనే. అనువాదం నా వృత్తి. ఆ రోజుల్లో కుక్కల శిక్షణను గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. నాలుగో అధ్యాయంలో అడ్డంకుల వర్ణన ఉన్నది. నా చిత్తుప్రతి చదివి మా అమ్మాయి ఉత్సాహపడింది. ఎముకలను గురించిన తొమ్మిదో అధ్యాయానికి నేనింకా చేరలేదు. అందులో తరచుగా వచ్చే 'గ్రోత్ ప్లేట్' అనే మాటకు ముందుగానే 'ఎదుగుదల పలక' అని ఒక తెలుగు మాట కట్టి, కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మాట దొరికిందని సంతోషించానే తప్ప, ఆ మాట దేన్ని గురించి చెబుతున్నదో ఆలోచించలేదు.

విజయనగరం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. అంతకు ముందురోజే ఆమె నన్ను మందలించింది: "నిన్నగాక మొన్న పాలపళ్లు ఊడిన పిల్ల. అప్పుడే దానిచేత గోడలు దూకిస్తారేట్రా?" నేను నవ్వి ఊరుకున్నాను.

ఎముక చివర మెత్తని పలక

పశువైద్యుడు రెండు ముందుకాళ్లకూ ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదని చెప్పారు. నేను తేలికగా ఊపిరి తీసుకోబోతుంటే, "సంతోషించడానికి మూడు వారాలు ఆగండి సార్" అన్నారు. ఆ తరువాత ఆయన చెప్పిన విషయాన్ని కుక్కపిల్లను పెంచే ప్రతివారూ తెలుసుకోవలసి ఉన్నది.

కాలి ఎముకలు మధ్యలో పెరగవు, చివర్లలో పెరుగుతాయి. ఎముక చివరకు కాస్త ఇవతల మృదులాస్థితో ఏర్పడిన పలుచని పలక ఒకటి ఉంటుంది. ఎదుగుదల పలక అంటే అదే. అందులోని కణాలు విభజన చెంది, వరుసలు కట్టి, క్రమంగా గట్టి ఎముకగా మారుతూ ఉంటాయి. ఎదుగుదల ముగిసినప్పుడు ఆ పలక కూడా ఎముకగా మారి మూసుకుపోతుంది. అంతవరకు ఎముక మొత్తంలో బలహీనమైన చోటు అదే. కీలును కట్టి ఉంచే స్నాయువుల కన్నా కూడా అది బలహీనమైనది. పెద్ద కుక్క జారి పడితే కీలు బెణుకుతుంది. అదే దెబ్బ పిల్లకు తగిలితే పలక చెదిరిపోతుంది.

పలకలకు తగిలే దెబ్బలను కెనడాలోని టొరాంటోకు చెందిన వైద్యులు సాల్టర్, హారిస్ 1963లో ఐదు రకాలుగా విభజించారు. వారు చూసినది మనుషుల పిల్లలను. ఆ విభజననే నేటికీ పశువైద్యులు కుక్కపిల్లలకూ వాడుతున్నారు. ఐదో రకం అన్నిటికన్నా మోసకారి. అందులో ఏదీ విరగదు, ఏదీ తొలగదు. పలక నలిగిపోతుంది, అంతే. మొదటి ఎక్స్‌రేలో అది కనిపించదు. కొన్ని వారాల తరువాత ఎముక పెరగడం ఆగిపోయినప్పుడే సంగతి బయటపడుతుంది.

కుక్క ముందుకాలిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అక్కడ రత్ని, అరత్ని అనే రెండు ఎముకలు పక్కపక్కనే పెరుగుతాయి. అరత్ని పొడవులో దాదాపు 85 శాతం మణికట్టు వైపునున్న ఒక్క పలక నుంచే రావాలి. పైగా కుక్కలో ఆ పలక గరాటు ఆకారంలో ఉంటుంది కనుక, ఏ వైపు నుంచి దెబ్బ తగిలినా నలుగుతుంది. అది ఆగిపోతే పక్కనున్న రత్ని మాత్రం పెరుగుతూనే ఉంటుంది. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు నిలిచిపోయి, రెండోది నడుస్తూనే ఉంటే బండి ఏమవుతుంది? పక్కకు తిరుగుతుంది. కాలు కూడా అలాగే వంకర తిరుగుతుంది.

ఈ పలకలు ఎప్పుడు మూసుకుంటాయి? చిన్న జాతి కుక్కల్లో ఎక్కువ భాగం 6 నుంచి 10 నెలల మధ్య మూసుకుంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో 14 నుంచి 18 నెలలు పట్టవచ్చు. గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. పిల్ల ఎత్తు చూసి మోసపోరాదు. ఏడు నెలల లాబ్రడార్ చూడడానికి పెద్ద కుక్కలాగే ఉంటుంది. లోపల మాత్రం అది పసిపిల్లే.

ఆటకు పుట్టుక, నియమానికి కారణం

'అజిలిటీ' అనే ఈ అడ్డంకుల పరుగు వయస్సు అర్ధ శతాబ్దమే. 1978లో లండన్‌లోని ఒలింపియాలో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, రెండు ముఖ్య కార్యక్రమాల నడుమ ఖాళీ సమయంలో ప్రేక్షకులకు విసుగు పుట్టకుండా ఏదైనా చూపాలని నిర్వాహకులు అనుకున్నారు. నిర్వాహక సంఘంలోని జాన్ వార్లీ, శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సహాయంతో, గుర్రాలు అడ్డుకర్రలు దూకే పోటీని నమూనాగా తీసుకుని కుక్కలకు ఒక పందెం రూపొందించారు. జనం ఉర్రూతలూగారు. 1980 నాటికి బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ దానిని అధికారికంగా గుర్తించింది. అక్కడి నుంచి ఆట ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆట చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద కుక్కలు 60 సెంటీమీటర్ల వరకు ఎత్తున్న కర్రలు దూకుతాయి. 60 సెంటీమీటర్ల ఎడంతో పాతిన 12 కర్రల మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ పరుగెత్తుతాయి. అంతర్జాతీయ పోటీల్లో 170 సెంటీమీటర్ల ఎత్తున్న గుడారం వంటి వాలుబల్ల నెక్కి అవతలికి దిగుతాయి. అయితే ఇదంతా చేసే కుక్కకు కనీసం ఎంత వయస్సుండాలి? బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ నియమం ప్రకారం 18 నెలలు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య నియమం కూడా అదే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 15 నెలలు నిండాలంటుంది. ఈ అంకెలు ఎవరో అధికారి సరదాకు రాసినవి కావు. చాలా జాతుల్లో ఎదుగుదల పలకలు మూసుకునే కాలానికి దగ్గరగా ఉన్నవి.

మన దేశంలో ఈ ఆట ఇంకా కొద్దిమందికే పరిచయం. మనకు తెలిసినది పోలీసు జాగిలాల విన్యాసం. నిప్పుల చక్రం లోంచి దూకే జాగిలాన్ని చూసి చప్పట్లు కొడతాము. ఇంటికి వచ్చి మన పిల్ల చేత బల్ల దూకించాలనుకుంటాము. ఆ జాగిలం ఎదిగిన కుక్క అనీ, దాని వెనుక ఎన్నో నెలల శిక్షణ ఉన్నదనీ మరచిపోతాము.

ఆడుకోనివ్వండి, ఆడించకండి

అయితే పిల్లను కట్టివేసి కూర్చోబెట్టాలా? ఎంతమాత్రం కాదు. నార్వేలో నాలుగు పెద్ద జాతుల కుక్కపిల్లలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ మనకు ఎంతో ఉపయోగపడుతుంది. పుట్టిన తొలి మూడు నెలల్లో రోజూ మెట్లు ఎక్కిదిగిన పిల్లల్లో తుంటికీలు లోపం ఎక్కువగా కనిపించింది. ఆరుబయట మెత్తని, ఎత్తుపల్లాలున్న నేల మీద గొలుసు లేకుండా తిరిగిన పిల్లల్లో ఆ లోపం తక్కువగా ఉన్నది.

ఇందులోని భేదం స్పష్టమే. తనంతట తాను ఆడుకునే పిల్ల పరుగెత్తుతుంది, ఆగుతుంది, దొర్లుతుంది, అలసిపోతే పడుకుంటుంది. మనం ఆడించే పిల్ల అలా కాదు. మన మెప్పు కోసం, చేతిలోని బిస్కెట్టు ముక్క కోసం ఒకే పనిని ఇరవైసార్లు చేస్తుంది. నొప్పి పుట్టినా ఆపదు. నిలబడిన కుక్క శరీర భారంలో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదనే ఉంటుంది. దూకి దిగే క్షణంలో ఆ భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే దెబ్బ అదే పలక మీద మళ్లీ మళ్లీ పడుతుంది. మోతీకి జరిగినదదే.

'పిల్ల వయస్సు ఎన్ని నెలలో అన్ని ఐదు నిమిషాలు నడిపించాలి' అని ఒక సూత్రం ప్రచారంలో ఉన్నది. దానికి శాస్త్రీయమైన రుజువేమీ లేదు. నిమిషాలు లెక్కించడం కన్నా పిల్లను గమనించడం మేలు.

మన నేల, మన ఎండ

ఇంగ్లండు పచ్చికను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకం రాయపూర్‌కు ఉన్నదున్నట్టు సరిపోదు. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు రకాలుగా చెబుతారు. భాటా ఎర్రని గులకనేల, ఎండాకాలంలో రాయిలా ఉంటుంది. కన్హార్ నల్లని బంకనేల, జూన్ మధ్యలో వానలు మొదలైతే జారుడుబల్ల అవుతుంది. పిల్ల దిగే చోటు ఈ రెండూ కాకూడదు. ఇళ్లలోని పాలరాయి, గ్రానైటు, టైల్సు, సిమెంటు చప్టా అసలే పనికిరావు. గడ్డి ఒత్తుగా పెరిగిన సమతలం ఉత్తమం. అది లేకపోతే తడిపి గుల్లగా తవ్విన మట్టి మేలు. గోళ్లు పెరిగిన పిల్లకు పట్టు చిక్కదు కనుక వాటిని కత్తిరిస్తూ ఉండాలి.

ఎండ సంగతి వేరే చెప్పాలా? మే నెలలో ఇక్కడ వేడి 45 డిగ్రీలకు చేరుతుంది. మనం రోహిణీ కార్తెగా లెక్కించే ఆ రోజుల తొలిభాగాన్నే ఇక్కడివారు 'నౌతపా' అంటారు. కుక్కకు పాదాల మెత్తల్లో తప్ప చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికున్న ముఖ్య సాధనం. దాని సహజ ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ప్రమాదం మరింత త్వరగా వస్తుంది. కనుక వేసవిలో సూర్యోదయ సమయంలోనే శిక్షణ ముగించాలి. అరచేతి వెనుక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఓర్వలేకపోతే పిల్ల పాదాలూ ఓర్వలేవు. పిల్ల తూలినా, చొంగ కార్చినా, రొప్పు ఆగకపోయినా వెంటనే నీడలోకి చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి, గాలి విసరాలి. ముందు చల్లబరచడం, తరువాతే ఆస్పత్రికి పరుగు.

కంటికి కనిపించని అపాయం మరొకటి ఉన్నది. అడ్డంకుల ఆట పుట్టిన 1978లోనే పార్వో వైరస్ అనే ప్రాణాంతక వ్యాధి కూడా లోకానికి వెల్లడైంది. రక్తవిరేచనాలతో పిల్లలను బలి తీసుకునే ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉండగలదు. వీధికుక్కలు తిరిగే పార్కులోకి టీకాలు పూర్తికాని పిల్లను దింపరాదు. టీకాలు 6-8 వారాల వయస్సులో మొదలై, మూడు నాలుగు వారాల కొకటి చొప్పున కనీసం 16 వారాల వరకు సాగాలి. పిచ్చికుక్క వ్యాధి టీకా మూడు నెలలకు వేయించాలి. అంతవరకు పిల్లను చీకటింట్లో దాచమని కాదు. 3 నుంచి 14 వారాల మధ్యకాలంలోనే అది లోకానికి అలవాటు పడాలి. చేతుల్లో ఎత్తుకుని బజారు, రైలు చప్పుడు, కొత్త మనుషులను చూపించవచ్చు. టీకాలు వేయించిన ఇరుగుపొరుగు కుక్కలతో కలవనివ్వవచ్చు.

తిండి తగ్గితే ఆయువు పెరిగింది

బొద్దుగా ఉన్న పిల్లను చూసి మురిసిపోవడం మనకు అలవాటు. అమెరికాలో 48 లాబ్రడార్లను జంటలుగా విభజించి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ ఆహారం పెట్టి జీవితాంతం పరిశీలించారు. 2002లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 11.2 ఏళ్లు. తక్కువ తిన్నవాటిది 13 ఏళ్లు. కీళ్ల జబ్బులు కూడా వీటికి తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి. తగలకపోతే బరువు ఎక్కువైనట్టే.

ఎముకలు గట్టిపడాలని కాల్షియం మందు పట్టించడం మరో పొరపాటు. పెద్ద జాతి పిల్లల శరీరం అదనపు కాల్షియాన్ని తిరస్కరించలేదు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980 దశకంలో గ్రేట్ డేన్ పిల్లలపై జరిగిన పరిశోధనల్లో, అధిక కాల్షియం వల్ల ఎముకల పెరుగుదలే అస్తవ్యస్తమైందని తేలింది. సమతుల్యమైన ఆహారం తినే పిల్లకు వైద్యుడు చెప్పనిదే ఆ మందు వద్దు.

గర్భనిరోధక శస్త్రచికిత్సకు సరైన వయస్సేదో కూడా వైద్యుణ్ణి అడగాలి. మరీ చిన్నతనంలో చేయిస్తే పలకలు మూసుకోవడం ఆలస్యమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు డేవిస్‌లో గోల్డెన్ రిట్రీవర్లపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలోపు శస్త్రచికిత్స జరిగినవాటిలో కొన్ని కీళ్ల జబ్బులు ఎక్కువగా కనిపించాయి.

ఈలోగా ఏమి నేర్పాలి?

నేర్పవలసింది చాలా ఉన్నది. నిజానికి పందెంలో గెలిపించేవి ఈ పనులే.

నాలుగు నెలల లోపు: పిలిస్తే రావడం, చెప్పిన చోట ఆగడం. నేల మీద పరచిన బల్లచెక్క మీద నడక. రెండు వైపులా తెరచిన పెద్ద అట్టపెట్టెలోంచి ఇవతలికి రావడం.

నాలుగు నుంచి ఎనిమిది నెలలు: నేల మీదనే పరచిన కర్రల మధ్య అడుగు చూసుకుని నడవడం. కుక్క తన వెనుకకాళ్లు ఎక్కడున్నాయో తెలుసుకునేది ఇలాగే. స్తంభం చుట్టూ వెడల్పుగా తిరిగి రావడం. బల్లచెక్క చివర కింద మడతపెట్టిన దుప్పటి వేసి, చెక్క కదిలినా, చప్పుడైనా బెదరకుండా అలవాటు చేయడం.

ఎనిమిది నెలల నుంచి ఏడాది వరకు: కర్రను పిల్ల మణికట్టు ఎత్తుకు మించనివ్వకండి. అది దూకడం కాదు, దాటడం.

ఏడాది దాటిన తరువాత: చిన్న జాతులకు క్రమంగా మోచేతి ఎత్తు. పెద్ద జాతులకు ఎక్స్‌రేలో పలకలు మూసుకున్నట్టు తేలేవరకు అంతకు మించరాదు. మెలికల కర్రలు, ఎత్తయిన వాలుబల్ల అన్నిటికన్నా చివర.

ప్రతి పాఠం రెండు మూడు నిమిషాలు చాలు. పిల్లకు ఇంకా ఆడాలని ఉండగానే ఆపాలి. ముందు ఐదు నిమిషాలు నడిపించి ఒళ్లు వెచ్చబరచాలి. కర్ర ఎప్పుడూ తగిలితే పడిపోయేటట్టు ఉండాలి తప్ప కట్టి ఉంచరాదు. మెడ బిగిసే గొలుసు అడ్డంకికి తగులుకుంటే ఉరి అవుతుంది, తీసివేయాలి.

కుంటితే ఆ రోజే చూపించాలి. నిద్ర లేచినప్పుడు ఒళ్లు బిగుసుకోవడం, వెనుకకాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం, నిన్న దాటిన కర్రను నేడు దాటననడం మొండితనం కావు, నొప్పికి గుర్తులు. మనం మింగే నొప్పి మాత్రలు ఎన్నడూ వేయకండి. ఐబుప్రోఫెన్ వంటివి కుక్కకు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

మూడు వారాల తరువాత

మూడు వారాలు గడిచాయి. రెండో ఎక్స్‌రేలను వైద్యుడు దీపపు పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. ఎడమకాలిలో అరత్ని పెరిగింది. కుడికాలిలో పెరగలేదు. పలక నలిగిపోయింది. వెంటనే అరత్నిలో చిన్న ముక్క తొలగించి, రత్నిని లాగిపట్టకుండా విడిపించే శస్త్రచికిత్స చేశారు. సమయానికి పట్టుకున్నందువల్ల కాలు చాలావరకు నిటారుగానే పెరిగింది. పాదం మాత్రం కొద్దిగా బయటికి తిరిగి ఉంటుంది. మోతీ నడుస్తుంది, చెరువుగట్టున పరుగెత్తుతుంది. వాన రాబోయే రోజుల్లో కాస్త కుంటుతుంది. దూకే ఆట దానికిక లేదు. దాచిన వస్తువును వాసన పట్టి వెదికే ఆట నేర్పాము. అందులో దానిని మించినది లేదు.

మా అమ్మాయి చాలా రోజులు ఆ కుర్చీల వంక చూడలేదు. మరుసటి ఏడాది వీధిలో దొరికిన ఒక ఆడపిల్లను ఇంటికి తెచ్చి, గోడ మీద కాలెండరులో దాని నెలలు గుర్తు పెడుతూ వచ్చింది. కర్రలు నేల మీదనే ఉండేవి. ఎక్స్‌రే తీయించి, వైద్యుడు సరేనన్న తరువాత, ఒక తెల్లవారుజామున గడ్డి మీద మొదటి కర్ర లేచింది. బుజ్జి ఒక్కసారి దూకింది. అమ్మాయి కర్ర తీసివేసి, "ఇవాళ్టికి చాలు నాన్నా" అన్నది. మా అమ్మ ఏమీ అనలేదు.

నా అనువాదం పూర్తయింది. అనువాదకుడు అధ్యాయాల వరుస మార్చకూడదు. కాని ముందుమాటలో ఒక వాక్యం రాసుకునే హక్కు నాకున్నది. అది ఇలా రాశాను: దయచేసి మొదట తొమ్మిదో అధ్యాయం చదవండి.